పదింటికి గోడ మీద మూడు దెబ్బలు

మంగళవారం పొద్దున గ్లెనిస్ క్రాబ్‌ట్రీ పెట్టుకున్న పనులు రెండే. పదకొండింటికి చాపెల్ హాల్లో వీధివాళ్ల మీటింగుకి వెళ్లాలి. దానికి ముందు, సరిగ్గా పదింటికి, బంగాళాదుంపల గిన్నె పట్టుకుని వెనకగదిలో గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చోవాలి. దుంపలు నాలుగు. ఒక్క మనిషికి నాలుగు ఎక్కువే. వాటి తొక్క తీయడానికి ఆమెకు నలభై నిమిషాలు పట్టేది, ఎందుకంటే గోడ అవతల పక్కింటి క్లైవ్ బాకా సాధన నలభై నిమిషాలు సాగేది.

పది కొట్టింది. గోడ పలకలేదు. వీధి చివర చెత్త లారీ వెనక్కి నడుస్తూ పెడుతున్న కూత తప్ప ఇంకేమీ వినబడలేదు. ఇలా ఆరు రోజులయింది.

ఆ వీధిలో ఇళ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. పద్నాలుగో నంబరు గ్లెనిస్‌ది. పక్కనున్న పదహారో నంబరును ఒక సంస్థ కొని, ఒంటరిగా నెట్టుకురాలేని ముగ్గురు మగవాళ్లకు ఇచ్చింది. వాళ్లకు మందులూ, అపాయింట్‌మెంట్లూ, చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో గుర్తుచేయడానికి పగటిపూట ఫర్హానా అనే అమ్మాయి వస్తుంది. కౌన్సిల్ కాగితాల్లో దాని పేరు ఆసరా గృహం. వీధిలోవాళ్లు ‘పదహారు’ అంటారు, పెదవి విరిచి.

విరవడానికి కారణం లేకపోలేదు. జూన్ నెలంతా డగీ అనే అతను ముందుగోడ మీద కూర్చుని సిగరెట్లు కాల్చి, పీకల్ని గ్లెనిస్ పూలకుండీలో వరసగా నాటాడు. పావురాలతో గొంతు చించుకుని పోట్లాడాడు. ఒకరోజు పోస్ట్‌మ్యాన్ మీద కోపమొచ్చి, అతను అందక, గ్లెనిస్ గేటును తన్నాడు. గేటు ఊడి పూలమొక్కల మీద పడుకుంది. గ్లెనిస్ కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే మిస్ బెవిన్స్ అనే ఆఫీసరు వచ్చి ఒక కాగితాల కట్ట ఇచ్చింది. వరస నంబర్లు, గడులు. తేదీ, వేళ, ఏం జరిగింది, ఎంతసేపు, మీ మీద ప్రభావం.

"ఏదీ వదలకుండా రాయండి. జరిగింది జరిగినట్టు రాయండి," అంది మిస్ బెవిన్స్.

గ్లెనిస్ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. జూన్‌కే పదకొండు కాగితాలయ్యాయి. తర్వాత డగీకి మందు మార్చారు, కాస్త చల్లబడ్డాడు.

ఆగస్టులో క్లైవ్ వచ్చాడు. యాభై దాటిన భారీ మనిషి, మాట మాత్రం చిన్నది. వచ్చిన మర్నాడు పదింటికి గోడ అవతల బాకా మోగింది. యూఫోనియం అనే పెద్ద ఇత్తడి బాకా, పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వాయించేది. గ్లెనిస్ పెన్సిల్ అందుకుని తేదీ వేసింది, వేళ వేసింది. అప్పుడు వినబడింది. స్వరాల మధ్య ఒక చిన్న ‘టిక్’.

అది బాకా మీద వేలితో నొక్కే మూడో మీట చప్పుడు. ఆమె భర్త డెస్మండ్ ఊరి బ్యాండులో ముప్పై ఒక్క ఏళ్లు వాయించిన బాకా. "శనివారం నూనె వేస్తా" అని ఆ మీట గురించి పదకొండేళ్లు అన్నాడు. బ్యాండు వాయిద్యాలు బ్యాండువే, మనుషులవి కావు. అందుకే డెస్మండ్ పోయాక గ్లెనిస్ దాన్ని తళతళా తుడిచి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి అప్పగించి వచ్చింది. అది రెండేళ్లు బీరువాలో పడుంది. ఇప్పుడు బ్యాండువాళ్లు క్లైవ్‌కిచ్చారన్నమాట. గ్లెనిస్ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ పదింటికి దుంపలు తీసుకుని కూర్చుంది. నిజం రాయమన్నారు కనుక కాగితాల మీద నిజమే రాసింది. ఆఖరి గడి చాలకపోతే వెనకవైపు రాసింది.

కిందటి బుధవారం బాకా మోగలేదు. పదీ పది దాకా చూసి, ఆమె లేచి, డెస్మండ్ బూట్లు తొడుక్కునేటప్పుడు మడమ కింద పెట్టుకునే ఇత్తడి చెంచా తెచ్చి గోడ మీద మూడుసార్లు తట్టింది. పదయింది నాయనా, అని ఆమె ఉద్దేశం.

ఆ వీధిలో గోడ తడితే నోరు మూసుకోమని అర్థం. వందేళ్లుగా అదే అర్థం. గ్లెనిస్ కూడా వయసులో ఉన్నప్పుడు ఆ అర్థంతోనే చాలాసార్లు తట్టింది. ఆ క్షణంలో మాత్రం గుర్తు రాలేదు.

గోడ అవతల క్లైవ్ పన్ను పీకించుకుని, చెంప వాచి, మంచం మీద ఉన్నాడు. తన మూలుగు పక్కింటికి వినబడుతోందనుకుని దిండు కరుచుకున్నాడు. గురువారం చెంప తగ్గింది కానీ వాయించే ధైర్యం రాలేదు. పదీ పదికి మళ్లీ మూడు దెబ్బలు. క్లైవ్ బాకాను దుప్పట్లో చుట్టి మంచం కిందికి తోశాడు.

శుక్రవారం గ్లెనిస్ తలుపు సందులోంచి ఒక కార్డు పడింది. మీద పిల్లిపిల్ల బొమ్మ. లోపల ఫర్హానా చేతిరాత: ‘మావల్ల మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి. ఇకమీదట జరగదు. ఇట్లు, పదహారు.’

అదే వారం డగీ పావురం మీదికి విసిరిన చెప్పు తగిలి గ్లెనిస్ పూలకుండీ పగిలింది. కార్డు దాని గురించేననుకుని, మర్యాద తెలిసిన మనిషి కనుక, ఆమె ఆ సాయంత్రమే జవాబు కార్డు వేసి వచ్చింది: ‘ధన్యవాదాలు. మళ్లీ జరగకపోతే అంతే చాలు.’

ఫర్హానా అది పైకి చదివింది. క్లైవ్ వెళ్లి బాకాను మంచం కింద ఇంకొంచెం లోపలికి తోశాడు. మర్నాడు పదీ పదికి మళ్లీ గోడ మోగింది.

"ఇప్పుడేం చేశాను ఫర్హానా?" అన్నాడు క్లైవ్ ఏడుపుగొంతుతో. "ఊపిరి పీలుస్తున్నా, అంతేగా!"

"కాస్త మెల్లిగా పీల్చు," అని సలహా ఇచ్చాడు డగీ.

గ్లెనిస్‌కి అటుపక్క, పన్నెండో నంబరులో, రేమండ్ ఉంటాడు. రిటైరయ్యాక వీధి బాగోగులన్నీ తనవేనని అనుకుంటున్న మనిషి. దెబ్బలు గోడల వెంట నడిచి అతని దాకా వచ్చాయి. సోమవారం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా గ్లెనిస్, పదహారువాళ్లు పొద్దున్నే గోడలు బాదుతున్నారు! నీకు వినబడట్లా?"

"వినబడుతోంది," అంది గ్లెనిస్. అది అబద్ధం కాదు.

"కౌన్సిల్‌కి రాసిచ్చేశా. రేపు మీటింగు. నీ గోడకి ఆనుకున్న గది ఆ క్లైవ్‌దే కదా, ముందు వాణ్ని పంపించేస్తారు. ఎక్కడికో దూరంగా, ఇంకో ఊరికి. నీ కాగితాలు పట్రా. వాటితోనే పని జరగాలి."

"పంపిస్తే... అతని సామానో?"

"వాడి సామానుతో మనకేం పనమ్మా!"

ఆ రాత్రి గ్లెనిస్‌కి నిద్ర సరిగా పట్టలేదు. పొద్దున పదింటికి ఆఖరిసారి ఆశగా కూర్చుంది. గోడ పలకలేదు. తట్టింది, అప్పటికీ పలకలేదు. దుంపలు తొక్కతోనే వదిలేసి కోటు వేసుకుంది. జూన్ కాగితాలు పదకొండూ చేత్తో పట్టుకుంది. అవి ఇస్తే చాలు, క్లైవ్ పేరు వాటిలో లేదు. మిగతావి నీలం అట్టలో పెట్టి, సంచిలో ఉల్లికాడల కింద దాచి తనతోనే తీసుకెళ్లింది. ఇంట్లో వదిలినా చూసేవాళ్లు లేరు. అయినా రెండు నెలలుగా అవి లేకుండా ఆమె గడప దాటలేదు.

హాల్లో టీ మరుగుతోంది. వీధంతా వచ్చింది. వెనక వరసలో క్లైవ్ కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, నేరస్థుడిలా కూర్చున్నాడు. పక్కన ఫర్హానా. డగీ బిస్కెట్ల బల్ల దగ్గర నిలబడి ఎవరినీ రానివ్వడం లేదు.

మిస్ బెవిన్స్ కాగితాలు తిరగేసింది. "ఇవి పదకొండే ఉన్నాయండీ. పన్నెండు నుంచి ఏవి? వరసలో ఒక్కటి తగ్గినా చెల్లవు."

"చెల్లకపోతే పోనీయండి," అంది గ్లెనిస్. ఆరు రోజుల తర్వాత మొదటిసారి ఆమె ముఖంలో వెలుగు కనిపించింది.

"పోనీయడమేంటి!" రేమండ్ లేచాడు. "సంచిలో ఉన్నాయండీ, నీలం అట్ట. దార్లో చూశా. భయపడకు గ్లెనిస్, మేమంతా లేమూ?" అంటూ ఆమె ఆపేలోగా ఉల్లికాడలు పక్కకు తీసి అట్టను ఆఫీసరు చేతిలో పెట్టాడు.

మిస్ బెవిన్స్ రైలు వేళలు చదివినట్టు చదవసాగింది.

"ఆగస్టు పన్నెండు. పది గంటలు. బాకా. నలభై నిమిషాలు. మీ మీద ప్రభావం: మూడో మీట టిక్కుమంది. కూర్చోవలసి వచ్చింది."

"విన్నారా! కూలబడిపోయిందట పాపం!" అన్నాడు రేమండ్.

"ఆగస్టు పంతొమ్మిది. బాకా. నలభై నిమిషాలు. ప్రభావం: రెండో భాగంలో డెస్మండ్‌కి ఊపిరి అందని చోటే ఇతనికీ అందడం లేదు. చాకు పట్టుకుని ఆగాను. అతను పీల్చాడు. నేనూ పీల్చాను."

రేమండ్ మెల్లిగా కుర్చీలో కూర్చున్నాడు. బిస్కెట్ నములుతున్న డగీ నమలడం ఆపాడు.

"సెప్టెంబరు ఏడు, ఆదివారం. శబ్దం లేదు. ప్రభావం: చాలా ఎక్కువ." మిస్ బెవిన్స్ కళ్లద్దాలు తీసింది. "ఇది పొరపాటున వేరే గడిలో రాసినట్టున్నారు."

"లేదండీ. గడి అదే," అంది గ్లెనిస్, ఒళ్లోని సంచిని చూస్తూ.

"అక్టోబరు ఎనిమిది, బుధవారం. శబ్దం లేదు. గోడ తట్టాను, మూడుసార్లు. గురువారం. శబ్దం లేదు. గోడ తట్టాను. శుక్రవారం..."

"ఆగండాగండి," అన్నాడు రేమండ్. "తట్టింది ఎవరు?"

"నేనే."

"రోజూనా? ఆదివారం కూడానా?"

"ఆదివారం అతను వాయించడు. ఊరికే అడిగి చూశాను."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. క్లైవ్ లేచి నిలబడ్డాడు. "మిసెస్ క్రాబ్‌ట్రీ, మీరు కొట్టింది... ఆపమని కాదాండీ?"

"ఆపేసిన మనిషిని ఆపమని ఎందుకు కొడతాను నాయనా?"

"నేను వారం నుంచి ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నానండీ!"

"బిగబట్టాడు, నిజం," అన్నాడు డగీ. "నేనే చెప్పా."

ఫర్హానా అరచేతుల్లో ముఖం దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. క్లైవ్ టోపీ నలుపుకుంటూ, "ఆ బాకా మీ ఆయనదని నాకు తెలీదండీ. ఆ మీట చప్పుడు నాకూ తెలుస్తూనే ఉంది. ఈ శనివారం నూనె వేద్దామని..." అన్నాడు.

"వద్దు!"

గ్లెనిస్ గొంతు అంత పెద్దదని నలభై ఏళ్లలో ఆ వీధికి తెలియదు. హాలంతా ఆమె వైపు తిరిగింది. ఆమె తేరుకుని, కోటు సర్దుకుని, "ప్రస్తుతానికి అక్కర్లేదులే," అంది.

మిస్ బెవిన్స్ ఆఖరి కాగితం తీసింది. "కోరుతున్న పరిష్కారం అన్న గడి ఖాళీగా ఉంది. ఏం రాయమంటారు?"

గ్లెనిస్ వేళ్ల మీద లెక్కపెట్టింది. "సోమవారం నుంచి శనివారం దాకా. వీలైతే ఆదివారం కూడా."

క్లైవ్‌ను ఎక్కడికీ పంపాల్సిన పని లేదని అక్కడికక్కడే తేలిపోయింది. అయితే గోడ బాదుతున్నారని రాతపూర్వకంగా వచ్చిన ఫిర్యాదు ఒకటి మిగిలింది. బాదిన మనిషి నలుగురి ముందు ఒప్పుకుంది కూడా.

"నేను ఫిర్యాదు చేసింది పదహారు మీద!" అన్నాడు రేమండ్.

"మీరు చేసింది చప్పుడు మీదండీ. రూలు రూలే," అంటూ మిస్ బెవిన్స్ సంచిలోంచి కొత్త కట్ట తీసి, బాధితుడైన క్లైవ్ చేతికిచ్చింది. "ఏదీ వదలకుండా రాయండి. జరిగింది జరిగినట్టు."

బుధవారం పది కొట్టింది. గ్లెనిస్ కుర్చీలో కూర్చుని ఉంది. గిన్నెలో దుంపలు ఆరు. వీధిలో డగీ ఆమె గేటును మళ్లీ బిగిస్తున్నాడు, తలకిందులుగా. గోడ పలకలేదు. ఇత్తడి చెంచా ఒకసారి అందుకుని, కింద పెట్టి, మళ్లీ అందుకుంది.

గోడ అవతల క్లైవ్ నింపిన మొదటి కాగితం ఇప్పటికీ కౌన్సిల్ ఫైల్లో ఉంది: ‘బుధవారం, పదీ ఒకటి. పక్కింటావిడ గోడ మీద ఒక దెబ్బ. మీ మీద ప్రభావం: మొదలుపెట్టాను.’