పేరెత్తని ప్రార్థనలోని సదుపాయాలు

ఎవరి మీదైనా నింద వేయాలనిపిస్తే నేరుగా వేయకండి. ప్రార్థనలో పెట్టండి. మా సంఘంలో అందరం ఇప్పుడు అలాగే చేస్తున్నాం. ఎంత హాయిగా ఉందో!

ముందు ఎంత శ్రమపడేవాళ్ళమని! ఒక మాట ఊరంతా చేరాలంటే నాలుగిళ్ళు తిరగాలి. ప్రతి ఇంట్లోనూ "ఎవరితోనూ అనకండేం" అని చెప్పాలి. వాళ్ళిచ్చిన చల్లారిన టీ తాగాలి. ఇప్పుడా బాధ లేదు. మైకుంది, గోడకొక స్పీకరుంది, రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్లో ప్రేయర్ గ్రూపుంది. "కోడలిని మాటలతో పొడుస్తున్న ఒక తల్లి మనసు మార్చు తండ్రీ" అని ఒక్కసారి అని చూడండి. బెంచీల మీదున్న అత్తగార్లందరూ ఒకేసారి సర్దుకు కూర్చుంటారు!

పైగా పేరెత్తం. పేరెత్తితే అది చాడీ. ఎత్తకపోతే "ప్రార్థనా భారం". మోసేవాళ్ళ మొహాల్లో ఎంత ఉత్సాహం ఉంటుందంటే, భారమంటే బరువనుకునేవాళ్ళు వచ్చి చూడాలి.

అన్నిటికన్నా పెద్ద సుఖం మరొకటుంది. మామూలుగా మాటంటే ఎవరో ఒకరు "నువ్వు చూశావా?" అని అడ్డం పడతారు. ప్రార్థనకు ఎవరు అడ్డం పడతారు? దానికొచ్చే జవాబు ఒక్కటే. ఆమెన్!

ఈ విద్యలో ఆరితేరినవారు మా సంఘపెద్దగారు. తెల్లారకముందే నడకకు వెళతారు, ఆరోగ్యం కోసం. ఓ ఆదివారం మైకు అందుకుని గొంతు వణికిస్తూ, "ప్రభువా, చీకటి విడవకముందే ఎవరెవరి బళ్ళలోనో ఇల్లు చేరుతున్న మా యౌవన సహోదరి అడుగు జారకుండా కాపాడు" అన్నారు.

రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి మా సంఘంలో ఒక్కతే. నర్సు. ఆదివారం బడిలో చిన్నపిల్లలకు పాఠం చెబుతుంది. ఆ "ఎవరెవరి బళ్ళు" ఏవంటే, ఆసుపత్రి వ్యాను. దాని ఒంటినిండా ఆసుపత్రి పేరే ఉంటుంది. కానీ అన్ని వివరాలు ప్రార్థనలో ఎక్కడ పడతాయి చెప్పండి?

పై వారం ఆమె క్లాసులో సగం పిల్లలు లేరు. ఆ తర్వాత పాస్టరుగారు "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా" అని క్లాసును తన మరదలికి అప్పగించారు. ఎంత దయ! రాత్రిళ్ళు రోగుల మధ్య నిలబడే పిల్లకు, ఆమె ఎదురుచూసే ఆ ఒక్క గంటలోనే విశ్రాంతి దొరికింది.

ఆమె మా పక్కింటి పిల్లే. "పెద్దాయన్ని అడుగుదాం, తోడు రా పిన్నీ" అంటే వెళ్ళాను.

"అంకుల్, నా గురించి అలా ఎందుకన్నారు?"

"నీ పేరెత్తానా అమ్మా? నేను దేవుడితో చెప్పుకున్నాను."

"దేవుడికి నా డ్యూటీ టైమింగులు తెలుసంకుల్. మీకు తెలియకపోతే నన్నడగాల్సింది."

జవాబు ఏమిస్తారా అని చూశాను. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డలోని కోపాన్ని తీసివేయి" అని మొదలుపెట్టారు. ఒక ప్రార్థన గురించి ఫిర్యాదు చేస్తే ఇంకొకటి ఉచితం!

అక్కడి నుంచి పాస్టరుగారి ఇంటికి. "క్షమించెయ్ అమ్మా, సంఘం చీలిపోకూడదు" అన్నారాయన.

"క్షమిస్తానండీ. ఆయన తప్పంటూ చేశారని మీరు ఒప్పుకోండి ముందు. లేని తప్పుని ఎలా క్షమించను?"

పాస్టరుగారు తలూపారు. ఈ విషయం ప్రార్థనలో పెడదామన్నారు.

ఆ ఆదివారం ముగింపు ప్రార్థన ఎవరైనా చేస్తారా అని పాస్టరుగారు అడగ్గానే ఆ పిల్ల లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. అందరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం. నాకైతే సంతోషం ఆగలేదు. పెద్దాయన విద్య పెద్దాయనకే అప్పజెప్పబోతోంది! "నడక పేరుతో పరాయి వాకిళ్ళు కాపలా కాస్తున్న ఒక సహోదరుడిని..." అని మనసులో నేనే సగం రాసిచ్చేశాను.

"అందరూ కళ్ళు తెరవండి" అంది ఆమె. "నేను దేవుడితో కాదు, మీతో మాట్లాడుతున్నాను."

తెరిచాం.

"ఆ రోజు ప్రార్థనలో అంకుల్‌గారు అన్నది నా గురించే. నన్ను దింపేది ఆసుపత్రి వ్యాను. తను అన్నది అబద్ధమని ఇదే మైకులో ఆయన చెప్పాలి. నా క్లాసు నాకివ్వాలి."

చూశారా, ప్రార్థన కానిదానితో వచ్చే చిక్కు? ఆమెన్ అనేసి చెప్పులు వెతుక్కోవడానికి లేదు. ఏదో ఒకటి చెయ్యాలి! ఇంత అసౌకర్యమైన పద్ధతిని ఏ సంఘం మాత్రం ప్రోత్సహిస్తుంది?

పెద్దాయన మాత్రం కళ్ళు తెరవలేదు. పెదాలు కదుపుతూనే ఉన్నారు. మేమంతా లేచి ఇళ్ళకు పోయేదాకా అలా ప్రార్థించగల ఓపిక ఉన్న మనిషి. మధ్యాహ్నమైంది. ఇంటి దగ్గర నేనింకా పొయ్యి వెలిగించనేలేదు. మా ఆయన వాచీ చూపించి సైగ చేశారు. నేను బ్యాగు ఒళ్ళోంచి తీసి కింద పెట్టుకున్నాను. నా పక్కావిడ చంకలోని పిల్లాణ్ణి దింపింది.

చాలాసేపటికి పెద్దాయన ఒక కన్ను కాస్త తెరిచి చూశారు.

మేం కూర్చునే ఉన్నాం.