మూడు గంటలకే రేపు

విజయనగరంలోని ఉద్యోగ వివక్ష అప్పీళ్ల కార్యాలయానికి ఈ ఏడాది రాష్ట్రస్థాయి ప్రశంసాపత్రం లభించిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. పద్దెనిమిదేళ్లలో ఆ కార్యాలయానికి రెండు వందల పద్నాలుగు అప్పీళ్లు వచ్చాయి. రెండు వందల పద్నాలుగూ గడువు దాటాకే వచ్చాయి. కనుక విచారించాల్సినవంటూ ఏమీ మిగల్లేదు. పెండింగు సున్నా. ఇంత శుభ్రమైన బీరువా రాష్ట్రంలో మరెక్కడా చూడలేదని తనిఖీకి వచ్చిన బృందం రాసింది.

ప్రశంసాపత్రం అందుకున్న సభలో అప్పీళ్ల అధికారి ఉమాశంకర్ గారు ప్రసంగించారు. "మన కార్యాలయం కిందున్న రెండు జిల్లాల్లోనూ వివక్ష లేదు. ఉంటే గడువులోగా ఒక్క అప్పీలైనా వచ్చి ఉండేది. నిజంగా అన్యాయం జరిగినవాళ్లు ఆలస్యం చేస్తారా? ముందు సమయపాలన నేర్చుకోండి, సమానత్వం దానంతట అదే వస్తుంది" అన్నారు. సభ చాలాసేపు చప్పట్లు కొట్టింది.

సభ ఉదయం పది గంటలకని ఆహ్వానపత్రంలో వేశారు. ఉమాశంకర్ గారు పదకొండున్నరకు వచ్చారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన రోజూ విశాఖపట్నం నుంచి ప్యాసింజరులో వస్తారు. కొత్తవలసలో కిరండూల్ నుంచి వచ్చే ఇనప ఖనిజం బండికి దారి ఇవ్వడం కోసం ఆ ప్యాసింజరును ఆపేస్తారు. ఖనిజం బండి వల్ల కలిగిన ఆలస్యాన్ని ఆలస్యంగా పరిగణించరాదని ఆయనే ఒక సర్క్యులర్ తయారుచేసి, ఆయనే సంతకం పెట్టి, ఆయనకే పంపుకున్నారు. బస్సుల్లో వచ్చే ప్రజానీకానికి అది వర్తించదని చివర్లో ఒక వాక్యం కూడా చేర్చారు. అంత వివరంగా రాసే అధికారులు ఈ రోజుల్లో తక్కువ.

ఇక ఈ ఘనతకు అసలు కారకులు ఇన్‌వర్డు గుమాస్తా గణపతిరావు గారు. వచ్చిన ప్రతి కాగితం మీదా తేదీ ముద్ర వేసేది ఆయనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పొద్దున్నే ముద్ర సర్దుకోవడంలో పది నిమిషాలు వృథా అవుతున్నాయని అప్పటి అధికారి మందలించారట. గణపతిరావు గారు పట్టుదల గల మనిషి. ఆ రోజు నుంచి మధ్యాహ్నం మూడు కాగానే గుండుసూదితో అంకెల చక్రాన్ని ఒక గడి ముందుకు తిప్పి, మర్నాటి తేదీ సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టారు. అయిదింటి దాకా కిటికీ దగ్గరే ఉండి, తర్వాత సిరా దిమ్మ తుడుచుకుని, టిఫిన్ క్యారియర్ సర్దుకుని, బొబ్బిలి వెళ్లే రైలు కోసం స్టేషనుకు బయల్దేరేవారు. శుక్రవారం మూడింటికి ఆయన చేతిలో సోమవారం తయారయ్యేది. దసరా సెలవుల ముందు రోజైతే ఏకంగా వారం దాటేసేది.

మూడు దాటాక వచ్చిన కాగితం మీద రేపటి తేదీ పడుతుందని ఎవరైనా గొణిగితే ఆయన శాంతంగా చెప్పేవారు. "ఎలాగూ రేపే కదమ్మా సారు చూసేది. చక్రం ముందుకే తిరుగుతుంది. వెనక్కి తిరగదు." ఇది ఆ కార్యాలయానికి మూలసూత్రం. దీని మీద ఎవరూ అప్పీలు చేయలేదు. చేసినా మూడు దాటాకే చేసి ఉంటారు.

రాజాం దగ్గరి ఒక జూట్ మిల్లులో పనిచేసే దాలమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. గోనె నేసే మగ్గాల మీద ఆమెకు పదహారేళ్ల అనుభవం. షెడ్డు గుమ్మంలో నిలబడి, చప్పుడు విని, ఏ మగ్గం మీద నూలు తెగిందో చెప్పగలదు. సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీ అయినప్పుడు యాజమాన్యం ఆమె అనుభవాన్ని ఎంతో గౌరవించింది. గౌరవించి, ఆ ఉద్యోగం గిరిబాబుకు ఇచ్చింది. గిరిబాబుకు మగ్గం నేర్పింది దాలమ్మే. "ఆడమనిషి చెబితే మగాళ్లు వింటారా? ఆమె గౌరవం కాపాడటానికే ఈ నిర్ణయం" అని మేనేజరు కాగితం మీదే రాసిచ్చాడు. పైగా గిరిబాబుకు పని నేర్పే బాధ్యత ఆమెకే అప్పగించాడు. ఇంతకన్నా గుర్తింపు ఏం కావాలి?

దాలమ్మ మాత్రం సంతృప్తి పడలేదు. జిల్లా విచారణాధికారికి ఫిర్యాదు చేసింది. ఆయన అన్నీ చదివి, మేనేజరు దస్తూరీ బాగుందని గమనించి, ఫిర్యాదు కొట్టేశారు. అప్పీలుకు ముప్పై రోజులు గడువు. ఆ ముప్పై రోజులూ ఉత్తర్వు మీద తేదీ వేసిన నాటి నుంచి లెక్క. తేదీ వేశాక సంతకం పడటానికి పన్నెండు రోజులు పట్టింది. కవరు మీద చిరునామా రాయడానికి వారం. తపాలాకు ఇంకొన్నాళ్లు. ఉత్తర్వు దాలమ్మ చేతికి వచ్చేసరికి అది ఇరవై ఆరో రోజు. గడువులో నాలుగు రోజులు ఆమె కోసమని భద్రంగా మిగిల్చారు. ఈ అప్పీలు నిలబడితే ఆమె సూపర్‌వైజర్ అవుతుంది. నిలబడకపోతే గిరిబాబు ఖాయమవుతాడు, ఆమె రిటైరయ్యేదాకా అతనికి చప్పుళ్లు వినడం నేర్పుతూ ఉంటుంది. ఇంకో అవకాశం లేదు.

నకళ్లు తీయించి, వాటి మీద సంతకాలు చేయించేసరికి ముప్పయ్యో రోజు వచ్చేసింది. అది ప్రశంసాపత్రం సభ అయిన తర్వాతి నెల పదమూడో తారీకు, సోమవారం. పొద్దున షిఫ్టు రెండింటికి వదులుతారు. బస్సులో విజయనగరానికి రెండు గంటలు. కాబట్టి సెలవు కావాలి. సెలవు మంజూరు చేయాల్సింది సూపర్‌వైజర్ గిరిబాబు.

గిరిబాబు చెడ్డవాడు కాదు. సెలవు కాగితం పట్టుకుని చాలాసేపు బాధపడ్డాడు. "అక్కా, నా మీదే కదేటి అప్పీలుకి ఎల్తన్నావు? కారణం ఏటని రాయను?"

"సొంత పని అని రాయి" అంది దాలమ్మ.

"సంతకం ఎక్కడెట్టాలి?"

"కింద కుడిపక్క. నిన్న సెప్పినాను కదరా." ఆమె వేలు పెట్టి చూపించింది. అతను పెట్టాడు. పూర్తి సెలవు ఇస్తే మేనేజరు ఊరుకోడని, పన్నెండు నుంచి మాత్రమే ఇచ్చాడు. చీపురుపల్లిలో బస్సు కాసేపు ఆగింది. అయినా దాలమ్మ రెండూ నలభైకి అప్పీళ్ల కార్యాలయం కిటికీ ముందు నిలబడింది. మూడుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆ కార్యాలయ చరిత్రలో అంత ముందుగా వచ్చినవాళ్లు తక్కువ.

కిటికీ అవతల కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ మీద తువ్వాలు ఉంది. తువ్వాలు ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క అని అటెండరు లక్ష్ముడు చెప్పాడు.

గణపతిరావు గారు ఆ రోజు సొంత పని మీద జిరాక్సు షాపుకు వెళ్లారు. ఆయన కూతురు సుహాసిని ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. ప్రసూతి సెలవు మీద వెళ్లి వచ్చేసరికి ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉన్నారు. "పసిపిల్లతో ఇబ్బంది పడతావమ్మా, నీ మంచికే" అన్నారు కాలేజీవారు. ఆమె ఫిర్యాదునూ అదే విచారణాధికారి, అదే రోజు, అదే తేదీ వేసి కొట్టేశారు. ఆ రోజే ఆమెకూ ముప్పయ్యో రోజు. షాపులో కరెంటు పోయింది. అది వచ్చేదాకా ఆగి గణపతిరావు గారు కుర్చీకి చేరేసరికి మూడూ అయిదు. తొందరగా వెళ్లిపోవచ్చన్న ముందుచూపుతో ఆయన భోజనానికి ముందే చక్రం తిప్పేశారు. ముద్రలో పద్నాలుగు సిద్ధంగా కూర్చుంది.

ఆయన చొక్కా జేబులోంచి కూతురి అప్పీలు తీశారు. ముద్ర వైపు చూశారు. కిటికీ వైపు చూశారు. తర్వాత గుండుసూది తీసుకుని, ఊపిరి బిగబట్టి, చక్రాన్ని వెనక్కి నెట్టారు. అది తిరిగింది. ఏ చప్పుడూ కాలేదు. పైకప్పు కూలలేదు. పద్దెనిమిదేళ్లుగా ముందుకే తిరుగుతున్న చక్రం, అడిగేవాళ్లు లేక ఊరుకుంది గానీ, వెనక్కి తిరగడానికి దానికి ఏ అభ్యంతరమూ లేదట. కూతురి కాగితం మీద పదమూడు పడింది. వెంటనే ఆయన చక్రాన్ని మళ్లీ పద్నాలుగుకు తిప్పి, తువ్వాలుతో నుదురు తుడుచుకుని, "ఎవరమ్మా?" అన్నారు.

దాలమ్మ కాగితం లోపలికి తోసింది. ఆయన ముద్ర గుద్ది, రసీదు ఇచ్చారు. ఆమె రసీదు చూసుకుంది.

"ఏటి బాబూ ఇది? ఈయేళ పదమూడు కదా?"

"మీకు పదమూడు. ఆఫీసుకి పద్నాలుగు."

"ఇప్పుడే ఎనక్కి తిప్పినావు. నాను సూసినాను. నా దాని మీద కూడా ఓ గుద్దు గుద్దీసి, తరవాత తిప్పుకో బాబూ. నీకు పున్నెముంటాది."

"వెనక్కి తిరగదమ్మా అది. జారింది."

"జారితే మీకే జారుతాదేటి?"

గణపతిరావు గారు గడియారం చూసుకున్నారు. తొందరగా వెళ్లిపోదామనుకున్న మూడున్నర రైలుకు టైమైంది. కిటికీ మూసేశారు. దాలమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. మేనేజరు మీద కూడా ఆమెకు అంత కోపం రాలేదు. అతనికి ఆమె పని తెలియదు, ఈయనకు మాత్రం తేదీ తెలుసు.

ఉమాశంకర్ గారి బల్ల మీదకు రెండు వందల పదిహేనో అప్పీలు గడువులోగా చేరినప్పుడు కార్యాలయంలో కొంత కలవరం రేగింది. గడువులోగా వచ్చిన అప్పీలును ఏం చేయాలో ఎవరికీ తెలియదు. దానికి ఫారం లేదు. విచారణ గదిలో పాత కుర్చీలు పేర్చి ఉన్నాయి. చివరికి కుర్చీలు తీయించి, విచారణ జరిపి, ఉమాశంకర్ గారు ఏడు పేజీల తీర్పు రాశారు. "తల్లి అయినందుకు ఒక స్త్రీని శిక్షించే సమాజాన్ని ఈ కార్యాలయం క్షమించదు" అన్న వాక్యం మహిళా దినోత్సవం నాడు పత్రికల్లో పెట్టె కట్టి వేశారు. సుహాసినికి ఉద్యోగం తిరిగి వచ్చింది. అది న్యాయమే, అందులో మాకేమీ అనుమానం లేదు.

అదే రోజు ఆయన రెండు వందల పదహారో అప్పీలు మీద ఒక వాక్యం రాశారు: "ఒక రోజు ఆలస్యం. తిరస్కరించడమైనది." ఆ ఉత్తర్వును షెడ్డులో అందరి ముందూ చదివి వినిపించింది గిరిబాబే. మధ్యలో ఒక మాట దగ్గర తడబడితే దాలమ్మ అందించింది.

దాలమ్మ నోరు మూసుకోలేదు. చూసిందంతా మిల్లులో చెప్పింది, రాజాం బస్సులో చెప్పింది, సంతలో చెప్పింది. చక్రం వెనక్కి తిరుగుతుందన్న వార్త రెండు జిల్లాలూ పాకిపోయింది. జనం నివ్వెరపోయారు. ఇన్నాళ్లూ తమను మోసం చేశారని తెలుసుకుని, ఆదివారం పొద్దున్నే బొబ్బిలిలో గణపతిరావు గారి ఇంటి ముందు బారులు తీరారు.

చేతుల్లో రాళ్లు ఉన్నాయేమో అని ఆయన కిటికీలోంచి తొంగి చూశారు. పనసకాయలు ఉన్నాయి. ఎండు చేపల బుట్ట ఉంది. ఒకాయన వీణే తెచ్చాడు, బొబ్బిలి మనిషికి బొబ్బిలి వీణ. అందరిదీ ఒకటే మాట. "బాబ్బాబు, మా అమ్మాయిది ఒక కాగితముంది. ఒక్క గడి ఎనక్కి తిప్పీయండి." వరసలో గిరిబాబు కూడా ఉన్నాడు. వాళ్ల చెల్లెలికి నర్సు ఉద్యోగం రావాల్సి ఉండగా వేరేవాళ్లకు ఇచ్చారట. "ఎంత అన్నేయమో సూడండి" అని వరసలో ముందున్నాయనతో చెప్పుకుంటున్నాడు.

దాలమ్మ ఒక గీతల కాగితం మీద అర్జీ రాయించింది. "ఏ రోజు తేదీ ఆ రోజే వెయ్యాలి. అందరికీ వెయ్యాలి." అంతే విషయం. కింద సంతకాలకు చాలా చోటు వదిలింది. బస్సులో అడిగింది, మిల్లులో అడిగింది, బొబ్బిలి వెళ్లి ఆ వరస వెంబడే నడుస్తూ అడిగింది. "ఇప్పుడు గానీ ఆ బాబుని కదిపితే మా పని సెడిపోతాదే, అక్కా" అన్నారు అందరూ. ఆమె ఒక్కతే సంతకం పెట్టి, షిఫ్టు దిగాక బస్సెక్కి, తీసుకెళ్లి అప్పీళ్ల కార్యాలయం కిటికీలో ఇచ్చింది. దాని మీద మర్నాటి తేదీ పడింది. ఆమె అలాంటిదే ఇంకో అర్జీ రాయించింది.

ఇది చదివి మీరు గణపతిరావు గారిని తిట్టుకుంటున్నారని మాకు తెలుసు. తిట్టుకోవడం అయ్యాక ఆయన ఇల్లెక్కడో అడుగుతారని కూడా తెలుసు. బొబ్బిలి స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దూరమే. ఆదివారం రద్దీగా ఉంటుంది కనుక పెందలాడే బయల్దేరండి. వరస పక్కన ఒకావిడ కాగితం పట్టుకుని తిరుగుతూ ఉంటుంది, ఆమెను దాటుకుని ముందుకు వెళ్లండి. ఆ కాగితం మీద సంతకాలకు చోటు ఇంకా చాలానే ఉంది.