ఆటోకు కట్టిన ఎర

ఆ పొద్దు ఉమాపతి అనుకున్నది ఒక్కటే: పది ఎరలూ చెన్నై బస్సులో వేసేయాలి. సముద్రానికి ఎంతో దూరాన, పుంగనూరులో కూర్చుని అతను చేసే పని అదే. నడిసముద్రంలో పడవ వెనక లాగే ప్లాస్టిక్ ఎరలవి. గుడ్లప్పగించిన కళ్ళు, కిందికి వేలాడే రంగురంగుల రబ్బరు కుచ్చులు. పడవ యజమాని పంపితే ఉప్పు కడిగి, తుప్పు పట్టిన గాలాలు పీకి, కొత్తవి కట్టి పంపాలి.

నీడన దండెం మీద ఆరేసినవి తొమ్మిదే ఉన్నాయి. ఉమాపతి వాకిలంతా వెతికి, పక్కింట్లో అడిగాడు. కుచ్చుల్లో దాగిన గాలం వేలికి దిగితే లోపలికే పోతుంది, వెనక్కి రాదు.

"నేనే తీసుకుంటినప్పా," అంది పక్కింటి కుప్పమ్మ, తొణక్కుండా. "మా వాని ఆటోకు కట్టినా. ఆ గుడ్లు సూస్తే ఏ దిష్టన్నా పారిపోతాది."

బ్రేకులు లేకపోయినా నడుస్తాయి ఇక్కడి బండ్లు. దిష్టిబొమ్మ లేనిదే కదలవు. ఉమాపతి ఆమె కొడుకు భానుప్రకాశ్‌కు ఫోన్ కొట్టాడు.

"భానూ, దాన్ని ముట్టుకోవద్దప్పా! లోపల గాలం ఉండాది!"

"గాలమా? ఉండన్నా, వేలు పెట్టి సూస్తా."

చేతబడి అబద్ధమని ఊరూరా మైకు పట్టుకుని అరిచిన ఉమాపతి, ఆ గొంతుతోనే అరిచాడు: "ముట్టుకుంటే రక్తం పడతాదిరా! మంత్రం పెట్టిన బొమ్మ అది!"

అవతల బ్రేకు కీచుమంది.

ఉమాపతి బైకు మీద మదనపల్లె రోడ్డు చేరేసరికి ఆటో నడిరోడ్డున నిలిచి ఉంది. చుట్టూ నలభై మంది. టమోటా గంపతో ఆటోలోంచి కిందికి దూకిన పాపక్క దూరంగా నిలబడింది.

"మంత్రం పెట్టినోడు యాడుండాడు?" అని ఎవడో కట్టె ఎత్తాడు.

"ఫోన్లో చెప్పింది ఈయనే," అని భాను వేలు చూపాడు.

గుంపు దగ్గరకొచ్చింది. ఉమాపతి రెండు చేతులూ ఎత్తాడు. "మంత్రం లేదు, గింత్రం లేదు! సముద్రం చేపలకు వేసే ఎర!"

"పుంగనూర్లో సముద్రం యాడుండాదప్పా?" అంది పాపక్క.

కట్టె ఇంకాస్త పైకి లేచింది. గాలం చూపిస్తేగానీ బతకనని, ఉమాపతి చేయి కుచ్చుల్లోకి పెట్టాడు. గాలం బొటనవేల్లో కసుక్కున దిగింది. రక్తం టపటపా రాలింది.

గుంపు నాలుగడుగులు వెనక్కి వేసింది. కట్టె కింద పడింది. చెప్పినట్టే జరిగింది కదా! భాను దండం పెట్టి, ఆటోకు కట్టిన తాడు కోసి, ఎర వేలాడుతున్న వేలితోనే అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో మూడు ఆటోలు.

"అన్నా, మాకూ ఒక్కోటి కట్టియ్యి."

ఉమాపతి కట్టు కట్టిన వేలు చూసుకున్నాడు. "గాలం తీసేసి ఇస్తాలేప్పా."

"గాలం తీసేస్తే అది ఎట్ల పని చేస్తాదన్నా?"