ఒంటరిగా ఉండదగ్గ ఊరు

ఆ రోజు తక్కెడ గారి కార్యక్రమం చాలా చిన్నది. పొద్దున్నే బస్సెక్కాలి, కూతురు ఇల్లు తీసుకోబోతున్న ఆ చిన్న ఊరిని తనిఖీ చేయాలి, ఎవరి కంటా పడకుండా భోజనం వేళకు ఇంటికి చేరాలి. భార్యతో మాత్రం కళ్ళాసుపత్రికి వెళ్తున్నానని చెప్పారు.

"తోడు రానా?" అంది ఆవిడ.

"ఎందుకు? కళ్ళు నాతోనే వస్తాయిగా" అని ఆయన గడప దాటేశారు.

తక్కెడ అన్నది ఆయన పేరు కాదు. తూనికలు కొలతల శాఖలో పనిచేసినన్నాళ్ళూ కింది ఉద్యోగులు వెనక పిలుచుకున్న పేరు. రిటైరయ్యాక ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు. దేన్నయినా పరీక్షించకుండా ఒప్పుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. కొత్త కుర్చీ ఇంటికొస్తే నాలుగు కాళ్ళూ పట్టుకుని ఊపేవారు. ఊపగా ఊపగా అది వదులయ్యాక, "చూశావా, నేను ముందే అన్నాను" అని భార్యవైపు గర్వంగా చూసేవారు.

కూతురు పశువుల డాక్టరు. ఈమధ్యే ఆ ఊళ్ళో ఉద్యోగంలో చేరి, ఆసుపత్రి వెనక గదిలో దిగింది. తాళాల షాపు వెనక సందులో ఒక ఇల్లు నచ్చిందని ఫోన్ చేసింది.

"నేనొక్కదాన్నే ఉంటాను నాన్నా. నా వంట నాది, నా తాళం నాది. ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. నువ్వొచ్చి ఆ ఇంటిని ఊపి చూడకూడదు. మాటివ్వు."

ఆయన మాటిచ్చారు. కానీ ఇల్లు చూడనని ఇచ్చారే తప్ప ఊరు చూడనని ఇవ్వలేదు. ఆడపిల్ల ఒంటరిగా ఉండటానికి ఒక ఊరు పనికొస్తుందా లేదా అన్నది తేల్చాలంటే దానికో పద్ధతుంది. చెప్పాపెట్టకుండా వెళ్ళాలి. ఎవరన్నది బయటపడకూడదు. ఉద్యోగమంతా ఆయన చేసింది అదే.

బస్సు దిగగానే తనిఖీ టీ కొట్టు దగ్గర మొదలైంది. కొట్టు నడిపేది ఒక నడివయసు ఆవిడ. తక్కెడ గారు గ్లాసు అందుకుని, నాలుగు వైపులా చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఈ ఊళ్ళో ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు ఎక్కువేనా?"

టీ పోస్తున్న ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఎందుకండీ?"

"ఊరికే. తెలుసుకుందామని. చీకటి పడ్డాక జనం తిరగని వీధులేమైనా ఉన్నాయా?"

"మీరేం చేస్తుంటారు?"

"ఇప్పుడేం లేదమ్మా, మానేశాను. వెనకట దుకాణాల మీద పడేవాణ్ణి."

"పడటమంటే?"

"దాడులు. మనం వస్తున్నట్టు ముందే తెలిస్తే అన్నీ సర్దేస్తారు. అందుకని హఠాత్తుగా దిగేవాళ్ళం. నా పేరు చెబితే బజారంతా తలుపులు మూసేసేది" అన్నారాయన, పాత రోజులు గుర్తొచ్చి కాస్త మురిసిపోతూ.

ఆవిడ గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. ఆయన మూల తిరగగానే ఫోన్ అందుకుంది.

తాళాల షాపు యజమానికి ఫోన్ వచ్చేసరికి తక్కెడ గారు ఆయన ఎదుటే నిలబడి, ఒక పెద్ద తాళాన్ని రెండు చేతులా గుంజుతున్నారు.

"ఇది పగలగొట్టాలంటే ఏం కావాలి?"

"పగలగొట్టడానికా సార్?" అన్నాడు షాపాయన, చెవి దగ్గర ఫోన్ దించకుండానే.

"సుత్తి చాలా, గునపం కావాలా? నిజం చెప్పండి, నా దగ్గర దాచొద్దు. వెనక సందులో ఖాళీగా ఉన్న ఇంటికి వేసింది మీ తాళమేనా?"

"మాదే."

"ఎంతసేపట్లో ఊడొస్తుంది?"

షాపాయన బల్ల మీదున్న స్క్రూడ్రైవర్లన్నీ మెల్లగా తన వైపు లాక్కున్నాడు. సరుకు మీద వాళ్ళకే నమ్మకం లేదని తక్కెడ గారు తేల్చుకున్నారు. బయట గోడ మీద పోలీస్ స్టేషన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసుంది. అది కూడా పనిచేస్తోందో లేదో చూడాలి కదా అని అక్కడికక్కడే ఫోన్ కలిపారు. ఎత్తింది హెడ్ కానిస్టేబుల్.

"తాళాల షాపు వెనక సందుకి రావాలంటే మీకెంతసేపు పడుతుందండీ?"

"ఏం జరిగింది?"

"ఇంకా ఏమీ జరగలేదు."

"మరి?"

"జరిగిందనుకోండి. ఎంతలో వస్తారు?"

"ఏం జరుగుతుందంటారు?"

"అది వచ్చే దొంగని బట్టి ఉంటుంది."

"ఎవరు మాట్లాడేది?"

"అది చెప్పడానికి వీల్లేదు" అని ఆయన పెట్టేశారు. ఫోన్ వెంటనే ఎత్తినందుకు మార్కులు వేశారు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పనందుకు సగం తీసేశారు.

ఇక మిగిలింది ఇల్లు. ఇల్లు చూడనని మాటిచ్చారు కాబట్టి ముందు వైపు వెళ్ళలేదు. వెనక గోడ దగ్గరికి వెళ్ళారు. గోడ ఇంటి లెక్కలోకి రాదని ఆయన వాదన. మోకాళ్ళ నొప్పులున్న రిటైరైన మనిషి ఎక్కగలిగితే ఆ గోడ ఎవరైనా ఎక్కగలరు. పక్కనే పేర్చి ఉన్న ఇటుకల మీద కాలు పెట్టి, రొప్పుతూ, మూలుగుతూ, మొత్తానికి పైకెక్కి, చెరో వైపు ఒక కాలు వేసి కూర్చున్నారు. "అనుకున్నాను, గోడ పొట్టి" అని తల ఊపారు. ఆ ఊపుకి కింద ఇటుకలు కూలిపోయాయి. దిగుదామని చూస్తే పైనున్న ఇనప చువ్వ ఒకటి ఆయన ప్యాంటుని పట్టుకుని వదలనంది. గోడమీది పిల్లి అన్న మాటని ఆయన అంతకు ముందు రాజకీయ నాయకులకే వాడేవారు.

లోపల ఇల్లు ఊడుస్తున్న ఇంటి యజమానురాలు చప్పుడు విని చీపురుతో సహా బయటికొచ్చింది.

"ఎవడ్రా నువ్వు? దిగు!"

"దిగలేకపోతున్నానమ్మా."

"ఎక్కడం వచ్చిందిగా?"

"ఎక్కడం వరకే చూద్దామనుకున్నాను."

ఆవిడ కేక వేసింది. వేయాల్సిన పని కూడా లేకపోయింది. టీ కొట్టు ఆవిడ, తాళాల షాపాయన అప్పటికే సందులోకి వస్తున్నారు. వాళ్ళ వెనక సగం బజారుంది. అందరికంటే వెనక హెడ్డు, లాఠీ చంకలో పెట్టుకుని, టోపీ సర్దుకుంటూ వచ్చాడు.

"ఈయనే! ఒంటరి ఆడవాళ్ళు ఎక్కడున్నారని అడిగాడు!" అంది టీ కొట్టు ఆవిడ.

"తాళం ఎలా పగలగొట్టాలో నన్నే నేర్పమన్నాడు!" అన్నాడు తాళాల షాపాయన.

"ఏమయ్యా, ఏం పని మీద వచ్చావు?" అని అడిగాడు హెడ్డు.

ఫలానా డాక్టరమ్మ తండ్రినని ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ మాట తప్పిన సంగతి కూతురికి తెలిసిపోతుంది. తక్కెడ గారు నోటికి దొరికింది చెప్పారు.

"కళ్ళు చూపించుకుందామని వచ్చానండీ."

"గోడెక్కా?" అంది ఇంటి యజమానురాలు.

"ఈ గొంతు..." అని హెడ్డు ఆగాడు. "నువ్వే కదూ, ఎంతలో వస్తారని అడిగింది? ఇదిగో, వచ్చాను!"

సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోన్ మోగింది. భార్య. ఒక చేత్తో గోడ పట్టుకుని ఎత్తారు.

"ఏమండీ, డాక్టరు చూశారా?"

"అందరూ చూస్తున్నారు."

"ఏమంటున్నారు?"

"దిగమంటున్నారు."

హెడ్డు లాఠీతో గోడని తట్టి, ఫోన్ కిందికి వేయించుకుని, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. "అమ్మా, ఈయన మీకేమవుతాడు? ఇక్కడ ఒకళ్ళింటి గోడ మీద దొరికాడు."

"మా ఆయన కళ్ళాసుపత్రిలో ఉన్నారు. నువ్వెవరు? ఆయన ఫోన్ నీ దగ్గరికెలా వచ్చింది?"

"నేను పోలీసుని."

"ఫోన్లు కొట్టేసే ప్రతివాడూ అదే అంటాడు. సిగ్గులేదూ, పెద్దాయన కళ్ళకి మందేసుకుని కూర్చుంటే జేబు కొట్టడానికి? ఉండు, నీ పని చెప్తాను!"

ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఇంతమంది ఎదుట హెడ్డుని దొంగ అన్నవాళ్ళు ఇదివరకు లేరు. "ముందు దించండి వీణ్ణి!" అని అరిచాడు.

లాగితే ప్యాంటు చిరుగుతోంది, తోస్తే మనిషి అరుస్తున్నాడు. ఎవరికో ఉపాయం తట్టింది. మొన్న నీళ్ళ ట్యాంకు మీదికెక్కి కూర్చున్న మేకని పశువుల ఆసుపత్రి కొత్త డాక్టరమ్మ నడుముకి పట్టీ వేసి, చెక్కు చెదరకుండా దించింది. ఆవిడైతేనే సరి అన్నారు. ఆ మాట విని తక్కెడ గారు, "వద్దు! ఆవిడొద్దు! నన్ను స్టేషన్‌కి తీసుకెళ్ళండి!" అని బతిమాలారు. దాంతో పాత కేసులు కూడా చాలానే ఉండి ఉంటాయని అందరికీ ఖాయమైపోయింది.

డాక్టరమ్మ పట్టీ భుజానేసుకుని విసవిసా వచ్చింది. గోడ మీది మనిషి మొహం అటు తిప్పేసుకుని ఉన్నాడు.

"అరవకండి. బెదిరితే దూకేస్తాయి" అంది అలవాటుగా. నిచ్చెన వేయించి, ఎక్కి, వెనకనుంచి పట్టీ తగిలించి, చువ్వనుంచి ప్యాంటు విడిపించింది. "ఇప్పుడు మెల్లగా ఇటు తిరగండి."

ఆయన తిరిగారు.

"నాన్నా!"

పట్టీ ఆమె చేతిలోంచి జారింది. తక్కెడ గారు కూలిన ఇటుకల మీద పడ్డారు. చీలమండ మడతపడింది.

 వెంటనే ఇంటి యజమానురాలు చీపురు పారేసి కుర్చీ తెచ్చింది. హెడ్డు టోపీ తీశాడు. టీ కొట్టు ఆవిడ ఇందాక లాక్కున్నంత వేగంగా కొత్త గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. "డాక్టరమ్మ గారి నాన్నగారని ముందే చెప్పొచ్చుగా!" అని అందరూ ఆయన్నే తప్పుపట్టారు.

కూతురు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కోపమో, భయమో ఆమెకే తెలియలేదు. "మాటిచ్చావుగా నాన్నా. మెడ విరిగుంటే?"

తక్కెడ గారు కాలు పట్టుకుని మూలుగుతూనే వెలిగిపోతున్నారు. "తప్పే తల్లీ. కానీ ఈ ఊరికి నూటికి నూరు వేశాను! నేను టీ తాగి లేచేలోపు ఊరంతా అప్రమత్తమైపోయింది. ఇలాంటి చోట ఎలా ఉంటావో అని ఎన్ని రాత్రుళ్ళు నిద్ర పట్టలేదో నీకు తెలీదు. ఇక నాకు బెంగ లేదు. ఒంటరిగా ఉండాలంటే ఇదే ఊరు."

"అలా చెప్పండి!" అంది టీ కొట్టు ఆవిడ ఉత్సాహంగా. "అమ్మాయిగారు మొన్న కాఫీ మానేసి టీలోకి దిగారు, నిన్న మొహం కొంచెం వాడింది. అన్నీ చూస్తూనే ఉంటాం."

"రెండో తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, దిగులు పడొద్దు" అన్నాడు తాళాల షాపాయన.

"కూరలో ఉప్పు తక్కువైనా నాకు తెలిసిపోతుంది. గోడ అటువైపు నేనేగా" అంది ఇంటి యజమానురాలు.

"వచ్చేవాళ్ళెవరో, ఎంతసేపున్నారో నా నోటిమీదుంటుంది" అన్నాడు హెడ్డు.

కూతురు ఒక్కొక్కరి మొహమే చూసింది. తండ్రి పక్కన కూర్చుని, చీలమండకి కట్టు కడుతూ మెల్లగా అంది.

"నాన్నా, ఈ ఇల్లు నేను తీసుకోను."

"అదేంటి! గోడ ఎత్తు పెంచమందాం."

"గోడ సంగతి కాదు. ఇక్కడ నేను ఒక్కదాన్నే ఉండటం ఎలా కుదురుతుంది? ఊరంతా నాతోనే ఉంటుంది. నా ఆసుపత్రి గదే నాకు హాయి. అక్కడున్నవాళ్ళెవరూ మాట్లాడరు."

ఇంటి యజమానురాలి మొహం చిన్నబోయింది. అయితే అది ఎంతోసేపు నిలవలేదు. ఆ కాలుతో పెద్దాయన బస్సెక్కలేరు. ఖాళీ ఇల్లు ఎదురుగానే ఉంది. ఆయన్ని నలుగురూ కుర్చీతో సహా ఎత్తి లోపలికి తీసుకెళ్ళారు. భోజనం ఒకరింటినుంచి వచ్చింది, దిండు ఇంకొకరింటినుంచి వచ్చింది. ఆయన పడుకున్నారా, లేచారా, ఏ పక్కకి ఒత్తిగిల్లారు అన్నది సాయంత్రానికి బజారంతా తెలుసు.

కూతురు తల్లికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. 

"నువ్వు బయల్దేరతావా అమ్మా?"

"నేనెందుకే? ఊరంతా చూసుకుంటోందన్నావుగా."

"నువ్వు ఒక్కదానివే ఎలా ఉంటావు?"

"అదే చూద్దామనుకుంటున్నాను" అంది తల్లి. ఆ గొంతులో అంత హుషారు కూతురు ఎప్పుడూ విని ఉండలేదు.

తక్కెడ గారి కాలు నయమైందని ఎముకల డాక్టరు చెప్పి చాలా కాలమైంది గానీ, ఇంట్లో భార్యే ఇంకా ఒప్పుకోవడం లేదు.