అమ్మమ్మ విన్న ఫ్రేములు

ఆ శనివారం పొద్దున బ్రయొనీ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, కాల్చిన రొట్టె తినాలి, పది గంటలకి ఆక్లండ్‌లో ఉన్న టామ్సిన్‌కి తన ఆట చూపించాలి. హ్యూవన్ లోయలో ఆపిల్ పండ్ల షెడ్డులో పనిచేసే బ్రయొనీ, తీరిక దొరికితే 'ఉప్పుకోట' అనే వీడియో గేమ్‌ని వాయువేగంతో ఆడేస్తుంది. ఆ ఆటని లైవ్‌లో పెడితే చూసేవాళ్లు పదిమందికి మించరు. అందులో ఒకరు ఆమె రెండో ఫోను. అలాంటిది, టామ్సిన్ నడిపే, దేశదేశాల ఆటగాళ్లు వంతులవారీగా ఆడే పెద్ద లైవ్ షోలో వచ్చే శనివారం ఒక గంట ఖాళీ వచ్చింది. ఇవాళ్టి పరీక్షలో బొమ్మ నిలకడగా వస్తే ఆ గంట బ్రయొనీది, తడబడితే ఇంకొకరిది. ఆ పిలుపు కోసం ఆమె మూడేళ్లుగా కళ్లు కాయలు కాచేలా చూస్తోంది.

ముందుగా ఒకసారి సరిచూసుకుందామని లైవ్ పెడితే బొమ్మ తడబడింది. సెకనుకి అరవై ఫ్రేములు, అంటే అరవై బొమ్మలు, పరిగెత్తాలి. అవి ఇరవైకి దిగిపోయాయి. తెర మీద ఆమె ఆడించే రాణి కోటగోడ మీంచి దూకి, గాలిలో ఆగి కాసేపు ఆలోచించి, తర్వాత కింద పడుతోంది. బ్రయొనీ బొమ్మ సైజు తగ్గించింది, కేబుల్ మార్చింది, వెనకాల నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసేసింది. ఫలితం సున్నా. కంప్యూటర్ పెట్టెని పోయిన ఆదివారమే దుమ్ము దులిపింది కాబట్టి దాని జోలికి పోలేదు. పైగా అది ఆమె గదిలో లేదు. ఫ్యాను రొద మైకులో పడుతోందని గోడకి కన్నం పెట్టించి, వైర్లు లాగించి, పక్కనున్న సరుకుల గదిలో పెట్టించింది. సరుకుల గది అమ్మమ్మ ఏలుబడిలో ఉంటుంది.

చివరికి షెడ్డులో పనిచేసే స్నేహితురాలికి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంది. "ఫ్రేములు పడిపోతున్నాయే. అరవై ఉండాల్సినవి ఇరవై ఉన్నాయి. ఎంత సర్దినా నిలబడట్లేదు."

ఆ మాట వంటింట్లో ఉన్న విన్నీ అమ్మమ్మ చెవిన పడింది. అమ్మమ్మకి చెముడు ఉంది గానీ, తన తేనెటీగలకి సంబంధించిన మాట అయితే గోడ అవతలనుంచి కూడా వినిపిస్తుంది. తేనెటీగల పెట్టెల్లో తేనెపట్టు కట్టడానికి నిలబెట్టే చెక్క చట్రాన్నీ ఫ్రేమనే అంటారు. ఆవిడకి తెలిసిన ఫ్రేము అదొక్కటే. పెరటి చివర ఆ పెట్టెల కింద ఒక వోంబాట్, పందిపిల్లంత ఉండే అడవి జంతువు, బొరియ తవ్వుతోందని ఆవిడ నెల్లాళ్లుగా మొత్తుకుంటున్నా ఇంట్లో పట్టించుకున్న నాథుడు లేడు. ఇప్పుడు అనుకున్నంతా అయింది, నలభై ఫ్రేములు నేలపాలయ్యాయి అనుకుంది. మోకాళ్లు సహకరించవు కాబట్టి వెళ్లి చూడకుండా, తేనెటీగలు పెంచేవాళ్ల సంఘం అధ్యక్షుడు మెర్విన్‌కి ఫోన్ కొట్టింది.

"కంగారుపడకు బంగారం," అంది గుమ్మంలోంచి తొంగిచూసి. "మెర్వ్‌ని పిలిచా. ఫ్రేముల గురించి అతనికి తెలిసినంత ఈ లోయలో ఎవరికీ తెలీదు."

మెర్విన్ రిటైరయ్యేదాకా టెలిఫోన్ లైన్లు వేసినవాడు. ఫ్రేములు కూడా తెలుసు కాబోలని బ్రయొనీకి ప్రాణం లేచొచ్చింది. దారిలోంచే అతని ఫోన్ వచ్చింది.

"ముందు ఇది చెప్పమ్మాయ్. రాణి బతికే ఉందా?"

ఈ వయసులో ఆయన ఉప్పుకోట కూడా ఆడతాడా అని బ్రయొనీ కరిగిపోయింది. "లేదు మెర్వ్. పొద్దున్నించి మూడుసార్లు చచ్చింది."

"మూడుసార్లా?"

"చచ్చినప్పుడల్లా ఇంకోటి వస్తుంది లెండి. ఫ్రేములు పడిపోతుంటే ఎన్ని రాణులొస్తే ఏం లాభం?"

మెర్విన్ తన జన్మలో ఇంత దారుణాన్ని ఇంత తాపీగా చెప్పిన మనిషిని చూడలేదు. దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, సంఘంలో దొరికిన ముగ్గుర్నీ బండెక్కించాడు.

వాళ్లు వచ్చేసరికి పరీక్ష మొదలైంది. టామ్సిన్ చూస్తోంది, ఆమెతోపాటు షో చూసే జనమూ చూస్తున్నారు. తెల్లటి సూట్లు, ముఖాల మీద వలలు, మెర్విన్ చేతిలో ఈగల్ని శాంతపరిచే పొగడబ్బా. పెరటివైపు వెళ్లబోతుంటే, అడుగుల చప్పుడు విని, ఇటే రమ్మని బ్రయొనీ గదిలోంచి కేకేసింది. నలుగురూ గదిలోకొచ్చారు. వాళ్లతోపాటు పొగా వచ్చింది. గోడమీది అలారం కూతందుకుంది.

"బ్రయొనీ, నీ వెనకాల ఎవరు?" అంది టామ్సిన్.

"టెక్నీషియన్లు," అంది బ్రయొనీ వెనక్కి తిరక్కుండానే.

"మరి ఆ ముసుగులేంటి?"

అప్పుడు తిరిగింది. మెర్విన్ రాణి ఎక్కడని అడిగాడు. ఆమె తెర వైపు వేలు చూపించింది. ఆయన వల పైకెత్తి, కిరీటంతో గాలిలో ఆగిపోయి ఉన్న మనిషిని పరీక్షగా చూశాడు.

"ఇది తేనెటీగ కాదే," అన్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్రయొనీకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. లోకమంతా చూస్తుండగా ఇల్లు సర్కసైంది, బొమ్మ ఇంకా ఇరవై దగ్గరే ఈడుస్తోంది, మూడేళ్ల ఆశ పొగలో కలిసిపోతోంది. మెర్విన్ మాత్రం ముక్కు ఎగబీలుస్తూ, గుమ్మంలోకొచ్చిన అమ్మమ్మ వైపు తిరిగాడు.

"విన్నీ, మీ ఇంట్లో ఎక్కడో తేనె కాగుతోంది."

ఆ వాసన పట్టుకుని అందరూ సరుకుల గదిలోకి నడిచారు. కంప్యూటర్ పెట్టె ఉన్ని దుప్పటి కప్పుకుని ఉంది. దాని నెత్తిమీద తేనె సీసాలు బారులు తీరి ఉన్నాయి.

"గడ్డకట్టిందే," అంది అమ్మమ్మ ఏమాత్రం తొణక్కుండా. "ఈ పెట్టె ఊరికే వేడి వదులుతోంది, వృథాగా పోనివ్వడం దేనికని పైన పెట్టా. వేడి బయటికి పోకుండా దుప్పటి కప్పా. సోమవారం నించీ భలే కరుగుతోంది బంగారం."

బ్రయొనీ దుప్పటి లాగేసింది. మెర్విన్ సీసాలు దింపాడు. ఫ్యాను ఊపిరి పీల్చుకుంది. గదిలోకి పరిగెత్తి చూస్తే అంకె ముప్పై, నలభై అంటూ పాకి అరవై దగ్గర కూర్చుంది. రాణి గోడమీంచి దూకి మర్యాదగా నేలమీద వాలింది.

"బొమ్మ బాగుంది," అంది టామ్సిన్. "ఆ గంట నీదే. కానీ ముసుగుల వాళ్లు కూడా ఉండాలి. జనం వాళ్లనే అడుగుతున్నారు."

వచ్చే శనివారం దాకా ఆగడం ఎవరివల్లా కాలేదు. అప్పటికప్పుడే ఇంకో ఆట మొదలైంది. సంఘం వాళ్లు నేలమీద చతికిలబడ్డారు. అమ్మమ్మ వెచ్చటి సీసా ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని, తెర మూలనున్న అంకె కదిలినప్పుడల్లా పైకి చదువుతోంది. పొగడబ్బా ఆర్పడానికి పెరట్లోకి వెళ్లిన మెర్విన్ కాసేపటికి రొప్పుతూ వచ్చాడు.

"విన్నీ, ఆ వోంబాట్ నిజంగానే పెట్టె పడేసింది. ఫ్రేములు పడిపోతున్నాయి."

అమ్మమ్మ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"సెకనుకి ఎన్ని?" అంది.