మాజీ తిట్టాలి, మా ఊరు తాగాలి

మాజీ నాయకుడి చేత తిట్లు తినడం ఏ ప్రభుత్వానికైనా వరం. ఆ వరాన్ని ఎలా వాడుకోవాలో తెలియక పెద్ద పెద్ద ప్రభుత్వాలే తడబడుతున్నాయి. వాళ్ళంతా ఒకసారి వచ్చి మా పంచాయితీని చూడాలి. క్యాతగానచెర్లుకు కాస్త ఇవతల, సోలార్ పలకల మధ్య ఉంటుంది మా ఊరు. పేరు చెబితే దానికీ ఒక ప్రెస్‌మీట్ పెడతారు, అందుకే చెప్పను.

మా ఊళ్ళో ఫిల్టర్ నీళ్ళ ప్లాంటు చెడిపోయింది. మిగిలింది ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు. అవి తాగీ తాగీ తిప్పమ్మ మోకాళ్ళు పట్టేశాయి. పలకల కింద గడ్డి కోసే కూలికి ఎలాగో ఈడ్చుకుంటూ పోతుంది గానీ, పక్క ఊరి ప్లాంటు నుంచి బిందె మోసుకురావడం ఆమె వల్ల కాదు.

పంచాయితీ మాజీ అధ్యక్షుడు నారప్ప ఆ ప్లాంటు ముందు నిలబడి ఫోన్లో వీడియో తీయించుకున్నాడు. "గుక్కెడు నీళ్ళు ఇయ్యలేని పంచాయితీ ఇది" అన్నాడు. వీడియో ఊరంతా తిరిగింది.

ఇప్పటి అధ్యక్షురాలు గంగాదేవి ఏం చేయాలి? ప్లాంటు బాగు చేయించాలా? అంత అమాయకత్వమా! బాగు చేయిస్తే, అది చెడిపోయిందని ఒప్పుకున్నట్టే కదా?

ఆమె అదే ప్లాంటు ముందు షామియానా వేయించింది. వై.ఎన్.హొసకోట నుంచి నీళ్ళ బాటిళ్ళు కేసులకు కేసులు తెప్పించింది. కుర్చీకొక బాటిల్ పెట్టించి, మైకు పట్టుకుంది.

"ఆయప్ప ఉన్నెప్పుడు ఈ ప్లాంటు చెడిపోలేదా? అప్పుడు నోరు యాడ పెట్టుకున్నాడు?"

ఎంత గొప్ప జవాబు! సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందని ఎవరైనా చెబితే, పాత వెర్షన్‌లోనూ ఉండేదని ఫిర్యాదు టికెట్ క్లోజ్ చేసేయడం. నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఇంత సులువుగా ఎవరూ నేర్పలేదు.

నారప్ప ఊరుకుంటాడా? ఆయనా షామియానా వేశాడు, ఆయనా బాటిళ్ళు తెప్పించాడు. దానికి ఆమె జవాబు, ఆ జవాబుకి ఈయన జవాబు. ప్లాంటు సంగతి అయిపోయి వీధి లైట్లకు వచ్చారు. అక్కణ్ణుంచి నారప్ప కూతురి పెళ్ళిలో సాంబారు పలచబడడం దాకా పోయారు.

వచ్చిన పెద్దమనుషులు ఒక గుక్క తాగి బాటిల్ కుర్చీ కిందే వదిలేస్తారు. కొందరు మూత కూడా తీయరు. మైకు ఆగగానే తిప్పమ్మ గోనెసంచితో దిగేది. మూత తీయనివి తాగడానికి, తీసినవి వంటకి. ఆ రోజుల్లో ఆమె బోరు నీళ్ళు ముట్టలేదు. ప్రభుత్వ జవాబుల వల్ల ప్రజలకు మేలు లేదని ఇంకా ఎవరైనా అంటారా?

అంతలో ఉపద్రవం వచ్చింది. నారప్ప గంగాదేవి పార్టీలో చేరిపోయాడు! శాలువా కప్పారు, దండ వేశారు, అందరికీ టీ ఇచ్చారు. ఆ రోజు ఒక్క బాటిల్ లేదు.

తిప్పమ్మ నారప్ప ఇంటికి పోయింది.

"ఏమప్పా, తిట్టేది నిలిపేసినావే?"

"ఇప్పుడు మనమంతా ఒకటే గదక్కా. ఎవుర్ని తిట్టేది?"

"ప్లాంటు ఇంకా అట్లనే ఉండాది గదప్పా."

"ఉండాది. ఇప్పుడంటే నాకే తగుల్తాది."

అక్కణ్ణుంచి కుంటుకుంటూ గంగాదేవి దగ్గరికి పోయి గుమ్మంలోనే కూలబడింది.

"నారప్ప అనకపోతే నేనే అంటాండా. నీళ్ళు లేవు. నాకు జవాబు చెప్పమ్మా."

గంగాదేవి చెడ్డ మనిషి కాదు. నిజంగానే ఆలోచించింది.

"నీకు ఏమని చెప్పేదక్కా? నువ్వు ఎప్పుడన్నా అధ్యక్షురాలివి అయినావా?"

"లేదు."

"మరి, నీ కాలంలో నువ్వేం చేసినావని అడుగుదామంటే, నీకు కాలమే ల్యాకపాయె."

తిప్పమ్మకు అర్థమైంది. వచ్చే పంచాయితీ ఎన్నికల్లో నిలబడుతోంది. ప్లాంటు బాగు చేస్తాననే మాట ఎక్కడా అనడం లేదు. ఆమె కోరిక చిన్నది: ఒకసారి గెలవాలి, ఐదేళ్ళుండి దిగిపోవాలి, మాజీ కావాలి. అప్పుడు దాహంగా ఉందంటే ప్రభుత్వం పలుకుతుంది.

అప్పటిదాకా ఆ మోకాళ్ళు బోరు నీళ్ళతోనే నెట్టుకురావాలి.