కంపెనీ కీలుకు జరిగిన అన్యాయం

అత్తగారి ఎడమ తుంటిలో అమర్చిన లోహపు కీలు నిర్దోషి అనీ, దాన్ని పాడుచేసింది ఆవిడేననీ కీళ్ళ కంపెనీ కోర్టులో ఎదురు దావా వేసింది. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. కీలు లోపంతో తయారైందని అంతకుముందు అత్తగారు వాళ్ళ మీద దావా వేశారు. ఇచ్చిపుచ్చుకోవడాలు లేకపోతే మర్యాదగా ఉండదు.

కొత్త కోడలు ఆ ఇంటికొచ్చి నెల తిరగలేదు. అత్తగారు అడుగు వేస్తే ఆ కీలు కీచుమనేది, అడుగు తీస్తే కిర్రుమనేది. పైన ఎవరో బీరువా జరుపుతున్నారనుకుని కింది వాటావాళ్ళు రెండుసార్లు సాయానికొచ్చారు. నొప్పికి ఆవిడ మెట్లు దిగడం మానేశారు. గది దాటాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. ఆ కీలు తీయించి మంచిది వేయించుకోవాలి, అంతే ఆవిడ కోరిక. కంపెనీ సాగనివ్వలేదు. కేసు తేలేదాకా సాక్ష్యాన్ని కదిలించరాదని ఉత్తర్వు తెచ్చింది. సాక్ష్యం అత్తగారి లోపల ఉంది గనక ఆవిడ కూడా వీలైనంత తక్కువగా కదిలితే బాగుంటుందని కోర్టు గుమస్తా సలహా ఇచ్చాడు.

వాయిదాలు మాత్రం చక్కగా నడిచేవి. కొత్త దంపతులకు అంతకన్నా మంచి హనీమూన్ ఎక్కడ దొరుకుతుంది? వరండాలో ఇరుకు బెంచీ, ఒళ్ళో లావుపాటి ఫైలు, ఫైలు కింద చేతిలో చెయ్యి. కేసు మళ్ళీ వాయిదా పడిందని బంట్రోతు కేకేసినప్పుడల్లా ఇద్దరి మొహాలూ వెలిగిపోయేవి. ఈ కేసులో బాగుపడింది మీరిద్దరేనని అత్తగారు దెప్పేవారు.

నాలుగో వాయిదాకి కంపెనీ లాయరుగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"అయ్యా, ఈ కీలు మా పెట్టెలో రెండేళ్ళుంది. ఒక్కనాడు కీచుమనలేదు. ఈవిడ ఒంట్లోకి వెళ్ళాకే దానికి ఈ దుస్థితి. పైగా ఈవిడ దాంతో నడిచారు. రోజూ నడిచినట్టు స్వయంగా ఒప్పుకున్నారు."

హాలంతా నిట్టూర్చింది. బంట్రోతు కళ్ళు తుడుచుకున్నాడు. పాడైన వస్తువును నెలలోగా తమకు అప్పగించాలనీ, బయటివాళ్ళు మొరటుగా పీకితే దానికి గాయాలవుతాయి గనక తమ ఖర్చుతో తమ డాక్టర్లే తీస్తారనీ, ఆ ఖాళీలో ఏం పెట్టించుకుంటారో ఆవిడ ఇష్టమనీ లాయరుగారు విన్నవించారు.

కోడలు మొగుడి చెయ్యి వదిలేసింది. అత్తగారి చెవి దగ్గరికి వంగింది.

"అత్తయ్యా, ఓడిపోదాం."

"ఏంటే?"

"గెలిస్తే వాళ్ళు పై కోర్టుకెళ్తారు. మీరు మళ్ళీ కదలకూడదు. ఓడిపోతే నెల్లో వాళ్ళే తీసుకుపోతారు."

అత్తగారు బెంచీ అంచు పట్టుకున్నారు. "ఓడిపోవడం నాకు అలవాటు లేదే అమ్మాయ్. కావాలంటే మీ మావయ్యని అడుగు."

అయినా కీచుమంటూ లేచారు. "అయ్యా, తప్పు నాదే. కాళ్ళున్నాయి కదా అని నడిచేశాను. వాళ్ళ వస్తువు వాళ్ళు పట్టుకెళ్ళొచ్చు. నేను మళ్ళీ నడిచినా నడుస్తాను, కాస్త తొందరగా రమ్మనండి."

పశ్చాత్తాపం అంటే ఇలా ఉండాలని జడ్జిగారు మెచ్చుకుని అప్పటికప్పుడు ఉత్తర్వు రాయించారు. మూడో వారంలో కంపెనీ డాక్టర్లు ఆ కీలును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు దూదిలోకి ఎత్తుకున్నారు. అదే బల్ల మీద ఆవిడ సొంత డాక్టరుగారు ఇంకో కంపెనీ కీలు అమర్చారు. రెండు నెలలకి అత్తగారు మెట్లన్నీ దిగి, వీధి చివరిదాకా చప్పుడు లేకుండా వెళ్ళొచ్చారు.

కంపెనీ ఆ రకం కీళ్ళన్నిటి పెట్టెల మీదా 'న్యాయస్థానం నిర్దోషిగా తేల్చినది' అని బంగారు రంగులో అచ్చేయించింది. అప్పట్నుంచి దానికి ఎక్కడలేని గిరాకీ. వేరే కీలు ఎవరూ ముట్టుకోవడం లేదు. వరస చాలా పొడుగ్గా ఉందట. మీ నాయనమ్మగారి పేరు కాస్త ముందుకు జరిపించడానికి మీరూ సిఫార్సు ఉత్తరం పట్టుకుని తిరుగుతున్నారని విన్నాం.